మూడడుగులకు ఒకడుగు

రెండో గేరు ఇక లాగదు. ఆ సంగతి ముందు మీ కుడికాలికే తెలుస్తుంది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కారు, అయినా ఇంజిన్ గొంతు పెరగడం లేదు, తగ్గుతోంది. ఎదురుగా రోడ్డు కనిపించదు. బానెట్ అంచు, దాని పైన ఆకాశం, అంతే. ఆ అంచు కింద ఎక్కడో దారి మెలి తిరుగుతుందని ఇందాక లోయలోంచి చూసిన గుర్తు. పక్క సీట్లో మీ బావ ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఇప్పటిదాకా ఘంటసాల పాటలు పాడినవాడు నోరు మూసుకున్నాడు.

ఇది హార్డ్‌నాట్ కనుమ. ఇంగ్లండు వాయవ్యాన కంబ్రియా కొండల్లో, ఎస్క్‌డేల్ లోయ నుంచి 393 మీటర్ల ఎత్తుకు ఎక్కే ఒంటి దారి. కొన్నిచోట్ల మూడడుగులు ముందుకు పోతే ఒకడుగు పైకి లేస్తుంది. మన ఘాట్ రోడ్లలా చుట్టుకుంటూ నింపాదిగా ఎక్కదు, కొండకి ఎదురెళ్తుంది. ఎడమ పక్క రోమన్ సైనికులు కట్టుకున్న కోట గోడలు మీ వెనక్కి పోయాయి. తల తిప్పి చూసే తీరిక మీకు లేదు.

మొదటి గేరు వెయ్యాలి. ఇప్పుడే. మీరు నడుపుతున్నది 1965 నాటి ఎమ్‌జీబీ, పైకప్పు లేని రెండు సీట్ల కారు. దీని గేర్‌బాక్సులో రెండు, మూడు, నాలుగు గేర్లకే సింక్రోమెష్ ఉంది, మొదటిదానికి లేదు. కదులుతున్న కారులో ఆ గేరు పడాలంటే పళ్ళ వేగం మీరే కలపాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్. క్లచ్ వదిలి ఒక్క రేజ్. మళ్ళీ క్లచ్ తొక్కి మొదటి గేరు. పాత అంబాసిడర్ నడిపినవాళ్ళకి ఈ డబుల్ క్లచ్ కాళ్ళలోనే ఉంటుంది. తప్పితే న్యూట్రల్‌లో వెనక్కి జారతారు.

క్లచ్. న్యూట్రల్. రేజ్. క్లచ్.

గర్రుమంది. పడింది.

ఇంజిన్ గొంతు ఒక్కసారిగా లేచింది. బావ ఊపిరి వదిలాడు. మలుపులో స్టీరింగ్ తిప్పుతుంటే లోపలి చక్రం తేలికై గులకరాళ్ళ మీద గిర్రున తిరిగి మళ్ళీ పట్టుకుంది. ఇంకో మలుపు. నీళ్ళ వేడి చూపే ముల్లు మామూలుకన్నా పైన ఉంది. ఇంకో మలుపు.

ఇంజిన్ దగ్గింది.

ఒక కుదుపు. మళ్ళీ దగ్గింది. మీ కాలు కింద బలం లేదు. తర్వాత చప్పుడూ లేదు.

కారు ఆగింది.

బ్రేక్. పట్టింది. ఈ కారు బ్రేకుకి ఇంజిన్ బలం తోడిచ్చే సర్వో లేదు, ఇంజిన్ ఆగినా పెడల్ గట్టిగానే ఉంది. హ్యాండ్ బ్రేక్ లాగండి. ఇంకా లాగండి. ఇప్పుడు కాలు తీసి చూడండి.

జారుతోంది.

కాలు మళ్ళీ పెట్టండి! హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాల డ్రమ్ములనే పట్టుకుంటుంది, ఈ ఏటవాలుకి అది చాలదు. గేరులోనే ఉంచి క్లచ్ వదలండి. ఇంజిన్ పట్టు కొంత సాయం. "బావా, రాయి!" అంటారు మీరు. బావ అప్పటికే దూకేశాడు. దారి పక్క పడున్న పలక రాయి తెచ్చి వెనక టైరు కింద తన్నాడు. కారు ఒక బెత్తెడు వెనక్కి పోయి రాయి మీద ఆగింది.

మీ చొక్కా వీపుకి అంటుకుంది.

కింద మలుపు దగ్గర ఒక ట్రయంఫ్ టీఆర్4ఏ ఆగి ఉంది. పొద్దున్నుంచి మీ వెనకే వస్తున్న పెద్దావిడది. బళ్ళో ఫిజిక్స్ చెప్పి రిటైరయిన మనిషి. మీకు వెనక్కి జారే చోటు వదిలి, అంత దూరంలో ఆపింది. ఇప్పుడు కారు దిగి చెయ్యి ఊపుతోంది. మీకు ఆరేడు గజాల కింద, దారి కాస్త వెడల్పయిన చోట, ఎదురు బళ్ళు తప్పుకునే జాగా ఉంది.

నెట్టి పైకి ఎక్కించడం కుదరదు, 900 కిలోల పైన బరువు. కిందికే దించాలి, బ్రేకు మీద, వెనక్కి చూసుకుంటూ. బావ సాయం పడదామని వెనక నిలబడబోతే ఆవిడ కేకేసింది: "వెనక వద్దు! పక్కన!" బావ రాయి తీసి పక్కకి తప్పుకున్నాడు. అడుగు. ఆపండి. ఇంకో అడుగు. చక్రాలు గడ్డి మీదకి దిగాయి. రాయి మళ్ళీ పెట్టించండి. ఇప్పుడు కాలు తియ్యొచ్చు.

బానెట్ ఎత్తగానే వేడి గాలి, దాంతోపాటు పెట్రోలు వాసన మొహానికి కొట్టాయి. సన్నగా తుంపర మొదలైంది. మీ చెయ్యి అప్పుడే పానాల సంచి మీద ఉంది. ఏదో ఒకటి విప్పెయ్యాలని వేళ్ళు తహతహలాడుతున్నాయి.

"తడిగుడ్డ ఏదీ?" అంటున్నాడు బావ. "పెట్రోలు పంపు వేడెక్కింది. నాన్న టాక్సీకి ఎండాకాలం ఇదే రోగం. రాజమండ్రి బ్రిడ్జి మీద ఎన్నిసార్లు గుడ్డ చుట్టలేదూ!"

బావ మాట కొట్టిపారెయ్యడానికి లేదు. ఈ 1798 సీసీ ఇంజిన్, మన అంబాసిడర్‌కి ఏళ్ళ తరబడి వాడిన 1489 సీసీ ఇంజిన్ ఒకే వంశం, బీఎమ్‌సీ వారి బీ-సిరీస్. కాకపోతే అంబాసిడర్ పంపు ఇంజిన్‌కి అంటుకుని ఆ వేడికి ఉడుకుతుంది. ఎమ్‌జీబీ పంపు కరెంటుది, వెనక చక్రం దగ్గర చల్లగా కూర్చుని ఉంటుంది. బానెట్ కింద ఎక్కడ గుడ్డ చుట్టినా లాభం లేదు.

పెద్దావిడ పైకి నడిచి వచ్చింది. జేబులో చేతులు పెట్టుకునే ఉంది. దేన్నీ ముట్టుకోలేదు.

"ఆగేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఎలా పడింది? టక్కున సున్నాకి పడిందా, ఇంజిన్‌తో పాటు దిగిందా?"

ఆలోచించండి. ఆ క్షణాన మీరు చూసింది రోడ్డునా, ముల్లునా? రెండూ కాస్త కాస్త. ఇంజిన్‌తో పాటే దిగింది. అవును, దిగింది.

ఆవిడ తల ఊపింది. ఆ ముల్లు కాయిల్‌కి వెళ్ళే కరెంటు దెబ్బల్ని లెక్కపెట్టి ఆడుతుంది. కారు ఇంకా కదులుతుండగా ముల్లు చచ్చిపడితే తీగో, స్విచ్చో, పాయింట్లో పోయినట్టు. చివరిదాకా ఆడిందంటే కాయిల్‌కి కరెంటు అందుతూనే ఉంది. ఒక్క పానా తిప్పకుండా సగం కారుని పక్కన పెట్టేసింది ఆవిడ.

ఇక మీ వంతు. ఇంజిన్‌కి కావలసింది పెట్రోలు, నిప్పు. ముందు ఏది చూస్తారు?

పెట్రోలు అనిపిస్తుంది, వాసన వస్తోంది కదా. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, పంపు ఆడించి, పెట్రోలు వస్తోందో లేదో చూస్తే పోతుంది. చెయ్యి చాచి, ఆగండి. ఆ రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు ఎక్కడున్నాయో చూడండి. ఎడమ పక్క. వాటి కింద ఏముంది? సైలెన్సర్ గొట్టాలు మొదలయ్యే మానిఫోల్డ్. కొండెక్కి వచ్చిన వేడి ఇంకా దాని మీదే ఉంది, తుంపర చుక్కలు పడి చుయ్యిమంటున్నాయి. మధ్యలో ఒక్క రేకు అడ్డం. అక్కడ పైపు విప్పితే పెట్రోలు చిమ్మేది ఆ ఇనుము మీదే.

చెయ్యి వెనక్కి తీసుకోండి. బావని మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడమనండి.

విప్పకుండానే పంపుని అడగొచ్చు. తాళం ఒక్క మెట్టు తిప్పి వినండి. వెనక నుంచి టక్, టక్, టక్. ఆగిపోయింది. పంపు ఆడి ఆగిందంటే కార్బొరేటర్ గిన్నెలు నిండినట్టే. ఆగకుండా కొట్టుకుంటే ఎక్కడో కారుతున్నట్టో, ట్యాంకు ఖాళీ అయినట్టో. అసలు కొట్టుకోకపోతే పంపులోని పాయింట్లు అంటుకున్నట్టు. అప్పుడు ఈ కార్ల వాళ్ళు చేసే వైద్యం ఒక్కటే, కిందికి దూరి పంపుని ఒక దెబ్బ వెయ్యడం. ఇవాళ ఆ అవసరం లేదు.

వాసన సంగతో? వంగి రబ్బరు పైపుల పొడుగునా వేలు పోనివ్వండి. పొడిగానే ఉన్నాయి. కింద చుక్క లేదు. వేడికి కార్బొరేటర్లోంచి లేచిన ఆవిరి. అయినా ఆ పైపుల మీద ఒక కన్నుంచాలి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది పాత రబ్బరుని తినేస్తుంది. మన బంకుల్లో ఇప్పుడు అమ్మేది ఇరవై శాతం. ఇంటి ముందు పాత ఫియట్ పెట్టుకున్నవాళ్ళు ఈ మాట రాసిపెట్టుకోవచ్చు.

కారడం లేదని తేలాకే నిప్పు పరీక్ష. ఈ వరస తప్పకూడదు.

ఇంజిన్ కుడి పక్కకి రండి. ఒక ప్లగ్ వైరు ఊడదీసి, దానికి సంచిలోని వేరే ప్లగ్ తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజిన్ ఇనుముకి ఆనించండి. చేత్తో కాదు, పిడికి రబ్బరున్న ప్లయర్‌తో. "సెల్ఫ్ కొట్టు బావా!" ఇంజిన్ తిరుగుతోంది. ప్లగ్ కొన చూడండి. ఏమీ లేదు. చేత్తో గొడుగు పట్టి చీకటి చేసి చూడండి. లేదు.

నిప్పు లేదు. ఎక్కడ ఆగిపోయింది?

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ నడినెత్తికి వచ్చే లావు వైరుంది కదా, అది పీకండి. కొనని ఇనుముకి చిన్న సందు వదిలి పట్టుకోండి. "కొట్టు!" టప్. నీలంగా, లావుగా దూకింది. టప్. టప్. మీరు ఉలిక్కిపడ్డారు. నిప్పు కాయిల్‌లో పుడుతోంది. డిస్ట్రిబ్యూటర్ దాకా వస్తోంది. ప్లగ్గులకి పోవడం లేదు. దొంగ ఆ గుండ్రటి నల్లమూత కిందే ఉన్నాడు.

రెండు క్లిప్పులు లాగి మూత తియ్యండి. లోపల తుడిచి వెలుతురికి పెట్టండి, పగులు గీతలు లేవు. నడిమి కార్బన్ బొడిపె సరిగానే ఉంది. మిగిలింది రోటర్. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, నెత్తిన ఇత్తడి పట్టీ. గిరగిరా తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకి నిప్పు పంచేది ఇదే. చూడ్డానికి కొత్తగా మెరుస్తోంది. పోయిన సర్వీసులో వేశారు.

"కొత్తదా?" అంది ఆవిడ. మొదటిసారి జేబులోంచి చెయ్యి తీసింది.

పరీక్ష ఆవిడే చెప్పింది, చెయ్యడం మీరే. పాయింట్లు మూసుకునేలా ఇంజిన్ తిప్పి, తాళం ఒక్క మెట్టు తిప్పి, లావు వైరు కొనని రోటర్ ఇత్తడికి కొద్దిగా పైన పట్టుకోండి. పుల్లతో పాయింట్లు విడదీయండి.

టప్.

మళ్ళీ విడదీయండి. టప్. ఇత్తడి మీదకి నీలి గీత దూకుతోంది.

దూకకూడదు. రోటర్ బాగుంటే ఆ ఇత్తడికి ఎటూ దారి లేదు, నిప్పు ఎక్కడికని పోతుంది? పోతోందంటే ప్లాస్టిక్‌ని చీల్చుకుని లోపలి ఇరుసులోకి, అక్కడి నుంచి ఇంజిన్‌లోకి ఎర్త్ అయిపోతోందన్నమాట. ఇత్తడిని బిగించడానికి వేసిన రివెట్ కొన ఇరుసుకి మరీ దగ్గరగా దిగింది. మధ్య పలచని ప్లాస్టిక్ పొర. చల్లగా ఉన్నంతసేపూ ఆ పొర ఆపింది, వేడెక్కాక లొంగిపోయింది. అందుకే పొద్దున బాగానే స్టార్టయ్యింది, లోయంతా బాగానే నడిచింది, కొండ మీద చచ్చింది.

నన్నడిగితే, ఇప్పుడీ కార్లని దారిలో ఆపేసేవి అరవై ఏళ్ళనాటి భాగాలు కావు. ఆ కొలతలు చూసి ఎక్కడో చవగ్గా పోతపోసిన కొత్త భాగాలే. నడుస్తున్న పాతదాన్ని పారెయ్యకుండా డిక్కీలో దాచుకునేవాళ్ళు ఇళ్ళకి చేరతారు.

పెద్దావిడ కిందికి వెళ్ళి రేకు డబ్బా తెచ్చింది. అందులో పాయింట్లు, కండెన్సర్, ఒక ఎర్ర రోటర్. రివెట్ లేకుండా పోసినది. టీఆర్4ఏ కంపెనీ వేరు, ఎమ్‌జీబీ కంపెనీ వేరు, కానీ రెండిట్లోనూ ఉన్నది లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటరే. ఆ రోటర్ దీనికీ సరిపోతుంది. గాడి చూసుకుని నొక్కండి. కూర్చుంది. మూత పెట్టబోతుంటే ఆవిడ ఒక సన్నని రేకు చేతిలో పెట్టింది. పాయింట్ల సందు చూడమని. అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. రేకు రాసుకుంటూ దూరింది. బాగుంది. ఆవిడ అక్కడితో ఆపింది. బావ కాయిల్ కూడా మార్చేద్దామంటే ఒప్పుకోలేదు. రెండు మార్చి బండి నడిస్తే ఏది పోయిందో ఎప్పటికీ తెలియదంది.

తాళం తిప్పండి.

గ్ర్ర్... గ్ర్... టక్.

బ్యాటరీ దిగిపోయింది.

పై నుంచి కొత్త కారొకటి దిగుతూ మీ పక్కన ఆగింది. నడిపే కుర్రాడు ఎర్ర, నల్ల కేబుళ్ళు పట్టుకుని ఉత్సాహంగా దిగాడు. తన బ్యాటరీకి రెండూ తగిలించేశాడు. నల్ల క్లిప్ పట్టుకుని మీ కారు బాడీ మీద బోసి ఇనుము కోసం వెతుకుతున్నాడు. ఎర్ర క్లిప్ బావ చేతిలో ఉంది. బావ మీ సీటు వెనక పలక తీసి బ్యాటరీల మీదకి వంగాడు.

ఆపండి.

అరవండి. ఆపండి!

కుర్రాడు బిత్తరపోయి చూస్తున్నాడు. నల్లది బాడీకి తగిలించడం అతనికి నేర్పిన పద్ధతే. కానీ ఈ కారుకి బాడీ ప్లస్. 1967 చివరిదాకా వచ్చిన ఎమ్‌జీబీల్లో ప్లస్ తీగనే బాడీకి ఎర్త్ చేశారు. అతని మైనస్ మీ బాడీకి తగిలితే, ఎర్రది కూడా పడగానే షార్ట్ సర్క్యూటే. కేబుళ్ళు కాలిపోతాయి. బావ మొహానికి జానెడు దూరంలో బ్యాటరీలు. పైగా గాలిలో ఇంకా పెట్రోలు ఆవిరి.

క్లిప్పులు రెండూ తీయించండి. ఊపిరి తీసుకోండి. మళ్ళీ మొదటి నుంచి.

సీటు వెనక ఉన్నవి రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు, వరసగా కలిపినవి. తీగలు వేలితో తడుముతూ పోండి. బాడీకి పోయేది ప్లస్. సెల్ఫ్ మోటారుకి పోయేది మైనస్. నల్ల క్లిప్ ఆ మైనస్‌కి. రెండు కార్ల బంపర్లు, తలుపులు ఎక్కడా తగలడం లేదు కదా? చుట్టూ ఒకసారి నడిచి చూడండి. ఎర్ర క్లిప్ చివర, బ్యాటరీలకి దూరంగా, బోసి ఇనుముకి. చిన్న మిణుగురు. అంతే.

తాళం. ఇంజిన్ ఒక్క తిరుగుడులో అందుకుంది. కొండ మారుమోగింది. గడ్డి మేస్తున్న హెర్డ్‌విక్ గొర్రెలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి.

ఆపకండి. కేబుళ్ళు తీసేశాక మొదటి గేరు, కారు నిలబడి ఉండగానే. ఇంజిన్ గట్టిగా రేజ్ చేస్తూ క్లచ్ కొద్దికొద్దిగా వదలండి. ముక్కు లేచింది. బావ రాయి తన్నేసి నడుస్తున్న కారులోకి ఎగిరి కూర్చున్నాడు. క్లచ్ కాలిన వాసన. పోనివ్వండి. మలుపు. లోపలి వైపు మరీ నిటారు, కొంచెం వెడల్పుగా తిప్పండి. ఇంకో మలుపు. ఆకాశం కిందికి దిగి, రోడ్డు కనిపించింది.

పైన ఆగి ఫొటోలు తీసుకోవాలని బావ గొడవ. ఇంజిన్ మాత్రం ఆపకండి.

దిగుడులో మీ పరీక్ష వేరు. ముందు చక్రాలకి డిస్కులు, వెనక డ్రమ్ములు, మీ పాదం తప్ప వేరే బలం లేదు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే కాగిపోతాయి, కాగితే పట్టవు. మొదటి గేరులోనే ఉంచి, భారం ఇంజిన్ మీద వెయ్యండి. మలుపు ముందు గట్టిగా ఒక్క నొక్కు. వదిలెయ్యండి. గాలి తగలనివ్వండి. మళ్ళీ నొక్కు. పెడల్ ఎత్తు పాదంతో కొలుచుకుంటూ ఉండండి. అదే ఎత్తులో అందుతున్నంతసేపూ భయం లేదు.

కాక్లీ బెక్ దగ్గర, డడ్డన్ వాగు వంతెన దాటాక, రెండు కార్లూ గడ్డి మీద ఆగాయి. అరచెయ్యి చక్రం దగ్గర పెట్టి చూడండి, వేడిగా ఉంది, కాలడం లేదు. నాలుగు చక్రాలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఏ బ్రేకూ పట్టుకుని ఉండిపోలేదు. పెద్దావిడ పానా తీసుకుని తీగ చక్రాల పుల్లలు ఒక్కొక్కటే మీటుతోంది. టింగ్, టింగ్, టింగ్. వీణ శ్రుతి చేస్తున్నట్టుంది. టింగ్, టింగ్, డబ్.

మళ్ళీ మీటింది. డబ్. దాని పక్కది కూడా.

ముందు ఎడమ చక్రంలో రెండు పుల్లలు వదులయ్యాయి. ఇంకా విరగలేదు. ఈ రాత్రి బిగించుకోవచ్చు, బల్ల మీద పెట్టి, తీరిగ్గా. అప్పటిదాకా వాటి బరువు పక్క పుల్లల మీద.

దారి ఇక్కడ చీలుతుంది. ఎడమకి వెళ్తే రైనోజ్ కనుమ, ఇప్పుడు దిగినంత కొండ మళ్ళీ. కుడికి వెళ్తే డడ్డన్ లోయ, వాగు పక్కనే, దూరం ఎక్కువ.

"ఇంత దూరం వచ్చి రెండో కనుమ ఎక్కకుండా పోతామా బావా?" అంటున్నాడు బావ. పెద్దావిడ ఏమీ అనలేదు. పానా గుడ్డతో తుడుచుకుంటూ మీ వైపు చూస్తోంది. కారు మీది.

ఎక్కండి. చోక్ అక్కర్లేదు, వేడిగానే ఉంది. తాళం తిప్పగానే అందుకుంది. కుడి ఇండికేటర్ వెయ్యండి.

వెలగలేదు.

"ఫ్యూజా, బల్బా?" అన్నాడు బావ హుషారుగా, పానాల సంచి అందుకుంటూ.

"సాయంత్రం చూద్దాం," అని కుడి చెయ్యి బయటికి చాపి, లోయ వైపు తిప్పండి.